ఏం పని చేస్తుంటివి పెద్దాయనా?

భోజనాలు అయ్యాయా? గిన్నెలు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళకు నేను చరిత్ర చెబుతానంటే, “రాజుల పేర్లూ, తారీఖులూ ఇప్పుడు మాకెందుకమ్మా?” అనుకునేరు. ఈవేళ చెప్పబోయేది రాజుల చరిత్ర కాదు. ఒక ప్రశ్న చరిత్ర. మూడువందల ఏళ్ళ కిందట ఒక వైద్యుడు మొదలుపెట్టిన చిన్న ప్రశ్న అది. అడిగిన చోట జబ్బు గుట్టు బయటపడింది. అడగని చోట మనుషులు పోయారు. అలా పోయినవాళ్ళలో మా పెద్దనాయన ఒకరు. అందుకే ఈ చరిత్ర నాకు పుస్తకంలోది అనిపించదు.

మాది పాలమూరు వైపు బల్మూర్. 2016లో జిల్లాలు విడదీశాక నాగర్‌కర్నూల్ జిల్లా అంటున్నారు గానీ, అంతకు ముందు మహబూబ్‌నగర్ జిల్లానే. అచ్చంపేటకు దగ్గర. ఒకపక్క నల్లమల కొండలు, ఇటుపక్క వానాధారపు చేలు. వాన పడితే జొన్న, ఆముదం. పడకపోతే వలస. “పాలమూరు లేబర్” అనే మాట మీరు వినే ఉంటారు. గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి చేతిలో అడ్వాన్సు పెట్టి, మొగుడూ పెళ్ళాలను కలిపి లెక్క రాసుకుని తీసుకుపోయేవాడు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలవలకు మట్టి మోసింది, రాయి కొట్టింది ఈ మనుషులే. మా పెద్దనాయన శ్రీశైలం డ్యాము పనికి పోయారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పట్నం చుట్టుపక్కల కంకర మిల్లుల్లో పనిచేశారు.

నేను పదో తరగతి చదివే రోజుల నాటికే ఆయనకు దగ్గు. మెట్లెక్కితే ఆయాసం. ఒక ఆసుపత్రిలో ఫొటో తీసి క్షయ అన్నారు. మందులు వాడారు. తగ్గలేదు. మళ్ళీ మొదటి నుంచీ వాడారు. మనిషి సగమయ్యాడు. ఏ ఊరు, ఎంత వయసు, బీడీ తాగుతావా, సారా తాగుతావా అని అన్నీ అడిగారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. చివరికి, ఎన్నో ఏళ్ళకు, ఒక ముసలి డాక్టరుగారు ఫొటోను కిటికీ వెలుతురులో పెట్టి చూసి అడిగారు: “ఏం పని చేస్తుంటివి పెద్దాయనా?”

“రాళ్ళు గొడ్తుంటి సారూ. మిల్లుల గూడ జేసిన.”

డాక్టరుగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా పెద్దమ్మ వైపు తిరిగి, “రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిపోయిందమ్మా. ఇది క్షయ ఒక్కటే కాదు,” అన్నారు. ఆ జబ్బు పేరు సిలికోసిస్ అని మాకు అప్పుడు తెలిసింది. తెలిసేసరికి చేసేదేమీ మిగలలేదు. 2003లో ఆయన పోయారు.

ఆ ప్రశ్నను మొదట వైద్యులకు నేర్పినవాడు ఇటలీ దేశపు బెర్నార్డినో రమజ్జీని. 1633లో పుట్టాడు. మొడెనా ఊళ్ళో వైద్యశాస్త్రం బోధించాడు. ఒకసారి వాళ్ళ ఇంటి మరుగుగొయ్యి శుభ్రం చేయడానికి మనిషి వచ్చాడు. వాడు ఊపిరి తిరక్కుండా గబగబా పని చేస్తుంటే, “అంత తొందరెందుకయ్యా, మెల్లిగా చేసుకోరాదా?” అన్నాడు రమజ్జీని. ఆ పనివాడు తలెత్తి, ఈ గోతిలో నాలుగు గంటలకు మించి ఉంటే ఏమవుతుందో చేసినవాడికే తెలుస్తుందని, కళ్ళు పోతాయని చెప్పాడు. తర్వాత ఊళ్ళో విచారిస్తే ఆ పని చేసేవాళ్ళలో ఎంతోమందికి చూపు మందగించింది. కొందరు గుడ్డివాళ్ళై అడుక్కుంటున్నారు.

మరొకరైతే అయ్యో పాపం అని లోపలికి పోయేవారు. ఈయన మాత్రం చేతివృత్తులవాళ్ళ దుకాణాలకు, పనిచోట్లకు తిరిగి చూశాడు. కుమ్మరులు, నేతగాళ్ళు, రాళ్ళు చెక్కేవాళ్ళు, చాకలి స్త్రీలు, మంత్రసానులు, పాలిచ్చే దాదులు, ఒక్కొక్కరినీ అడిగి 1700లో ఒక పుస్తకం రాశాడు. పనివాళ్ళ జబ్బుల మీద విడిగా వచ్చిన మొదటి పెద్ద గ్రంథం అదే అంటారు. ప్రాచీన వైద్యులు రోగిని అడగమన్న ప్రశ్నలకు తోడు నేను ఇంకొకటి చేర్చుతున్నానన్నాడు: నీ వృత్తి ఏమిటి?

ఎంత తేలిక ప్రశ్న! కూరలవాడు కూడా అడుగుతాడు. కానీ ఆ ప్రశ్న తిన్నగా ఆసుపత్రి చీటీ మీదికి ఎక్కడానికి ఎన్ని తరాలు పట్టిందో చూడండి.

మన తెలుగువాళ్ళు వలసపోయిన చోట్లలో కోలారు బంగారు గనులు ఒకటి. 1880 నుంచి ఇంగ్లీషు కంపెనీ అక్కడ తవ్వకాలు సాగించింది. మన వైపు నుంచీ, తమిళదేశం నుంచీ కుటుంబాలకు కుటుంబాలే వెళ్ళి అక్కడ లైన్లలో కాపురం పెట్టాయి. భూమిలోపల మూడు కిలోమీటర్లకు మించిన లోతు. బంగారం పలుగురాయిలో ఉంటుంది. పలుగురాయిని తొలిస్తే వచ్చే దుమ్ములో ఉండేది సిలికా. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. దగ్గితే బయటికి వస్తుంది. అసలు ప్రమాదం కంటికి కనిపించని సన్నదుమ్ముతోనే. అది ఊపిరితిత్తుల చిట్టచివరి తిత్తుల దాకా పోతుంది. శరీరం దాన్ని అరిగించలేదు, కరిగించలేదు. దాని చుట్టూ మచ్చ కడుతుంది. మెత్తని ఊపిరితిత్తి కొంచెం కొంచెంగా గట్టిపడుతుంది. పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో, ఒక్కోసారి పని మానేశాక కూడా, ఆయాసం మొదలవుతుంది. అలా దెబ్బతిన్న ఊపిరితిత్తిలో క్షయ కూడా సులువుగా చేరుతుంది. అందుకే ఒకటి చూసి ఇంకొకటి అనుకోవడం. రెండూ కలిసి ఉండడం కూడా కద్దు.

ఇంతకాలం ఆ గని లైన్లలో “దగ్గు మనిషి” అంటే క్షయమనిషే. 1940లలో అక్కడి వైద్యులు వేలమంది కార్మికులను పరీక్షించి, ఎక్స్‌రేలు తీశారు. 1947లో ఆ సంగతి ప్రకటించారు. చూసినవాళ్ళలో నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్! మన దేశంలో ఈ జబ్బుకు పేరుపెట్టి లెక్క చెప్పడం అదే మొదలు. మరుసటి ఏడాది, 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం ప్రకారం, ఆ తర్వాత 1952 నాటి గనుల చట్టం ప్రకారం, ఈ జబ్బు కనిపిస్తే ప్రభుత్వానికి తెలియజేసి తీరాల్సి వచ్చింది. 1960లలో అహమ్మదాబాదులో పనివాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధనకే ఒక జాతీయ సంస్థ పెట్టారు. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి.

ఇంత చట్టం ఉండి మా పెద్దనాయన సంగతి ఎందుకు తెలియలేదంటారా? కోలారు కార్మికుడికి కంపెనీ ఉంది, హాజరుపట్టీలో పేరుంది, గని ఆసుపత్రి ఉంది. గుంపు మేస్త్రీ వెంట పోయిన మనిషికి ఏముంది? ఈ ఏడు ఒక మిల్లు, పై ఏడు ఇంకొకటి. ఆయన పేరు ఏ పట్టీలోనూ లేదు. పట్టీలో లేని మనిషికి ఆ చరిత్ర అంతా గుర్తుండేది ఒకే చోట, ఇంటి ఇల్లాలి దగ్గర. మా పెద్దమ్మకు అన్నీ తెలుసు. ఏ ఏడు ఏ ఊళ్ళో, ఏ మిల్లులో, సాయంత్రం ఇంటికొస్తే మనిషి కనుబొమలు కూడా తెల్లగా ఎలా ఉండేవో, ఆ బట్టలు జాడిస్తే నీళ్ళు ఎలా పాలలాగా అయ్యేవో. ఆమెను అడిగినవాళ్ళు లేరు. అడగనిదే చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఇక పని నుంచి నీళ్ళకు వద్దాం. పని ఎంతో, తాగే నీళ్ళూ అంతే. ఇది కూడా మన తెలుగునేల మీదే తేలిన సంగతి.

1930లలో నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాలు, పొదిలి, దర్శి వైపు రైతులు ఒక వింత గమనించారు. దుక్కిటెద్దులు కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయి. కొన్నాళ్ళకు మనుషులదీ అదే తీరు. పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు. ముప్ఫై, నలభై ఏళ్ళు దాటేసరికి నడుం వంగదు, మెడ తిరగదు. కూర్చున్న మనిషి లేవాలంటే తాడు పట్టుకోవాలి. కీళ్ళవాతమని, గ్రహచారమని అనుకున్నారు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, వారితో పాటు రాఘవాచారి ఈ సంగతి పట్టుకుని, రోగులనే కాక వాళ్ళు తాగే బావులను కూడా పరీక్షించారు. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువగా ఉందని తేల్చి, 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించారు. భారతదేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ గురించి మొదట లోకానికి తెలిసింది అలాగే. ఆ పొదిలి, దర్శి తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్ళాయి.

ఫ్లోరైడు ఎవరో కలిపిన విషం కాదు. మన కిందనున్న రాతిలోనిదే. గ్రానైటు రాతి పగుళ్ళలో నీళ్ళు ఏళ్ళ తరబడి నిలిచి ఉంటే అది కరిగి నీళ్ళలోకి దిగుతుంది. పైపైన వాననీరు నిండే బావిలో తక్కువ ఉండవచ్చు. లోతుగా వేసిన బోరులో చాలాచోట్ల ఎక్కువ. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. అంతకు మించితే పిల్లల పళ్ళు పాడవుతాయి. బాగా ఎక్కువైన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లోకి చేరి, కీళ్ళ దగ్గరి నరాల్లాంటి కట్లను కూడా ఎముకలా బిగిస్తుంది. ఎండలో కూలిపని చేసేవాళ్ళు ఎక్కువ నీళ్ళు తాగుతారు కనుక వాళ్ళ ఒంట్లోకి ఎక్కువ చేరుతుంది. చూశారా, నీటి జబ్బులో కూడా పని ప్రశ్న వచ్చి కూర్చుంది.

ఇక్కడ గృహిణులం ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాళ్ళు పెరుగుతాయి కూడా. గుడ్డతో వడకట్టినా, మామూలు క్యాండిల్ ఫిల్టరులో పోసినా పోదు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. మన అపార్ట్‌మెంట్లలో బోరునీళ్ళు వాడుకునేవాళ్ళు దీన్ని పల్లెటూరి గొడవ అనుకోవద్దు. రాయి పల్లెకొకటీ పట్నానికొకటీ ఉండదు కదా.

తర్వాత నల్లగొండ. అక్కడి ఫ్లోరోసిస్ సంగతి 1950లలోనే వైద్యపత్రికల్లోకి ఎక్కింది. కానీ 1970లలో ఇంకో కొత్త రూపం కనిపించింది. ఎదిగే వయసు పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, మోకాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. పాదాలు దూరదూరంగా పడుతున్నాయి. నీళ్ళలో ఫ్లోరైడు పాతదే. ఈ వంకర మాత్రం కొత్తది. ఎందుకు?

దీన్ని పట్టుకున్నది హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. ఈ సంస్థ పుట్టుక కూడా ఒక కథే. 1918లో నీలగిరుల్లో కూనూరులో, బెరిబెరి జబ్బు కారణం వెదకడానికి మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒక చిన్న గదిలో మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాదుకు మారింది. 1969లో ఇప్పటి పేరు పెట్టారు. ఆ సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు నల్లగొండ ఊళ్ళు తిరిగి, 1973లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్యపత్రికలో ఈ మోకాళ్ళ జబ్బు గురించి రాశారు. వాళ్ళు నీళ్ళతో ఆగలేదు. ఏం తింటున్నారని కూడా అడిగారు. ఆ పల్లెల్లో ముఖ్యాహారం జొన్న. ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం అనే లోహపు అంశ ఎక్కువగా ఉందని, అది ఒంట్లోని రాగిని బయటికి తోలేస్తుందని, రాగి తగ్గిన ఎముక మీద ఫ్లోరైడు దెబ్బ పడితే ఇలా వంగుతుందని ఆ సంస్థవారు వివరించారు.

జొన్న కొత్తది కాదు, తాతలనాటిది. మరి ఇప్పుడే ఎందుకు? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలవలకు నీళ్ళు వదిలారు. అంత జలాశయం నిండేసరికి చుట్టుపక్కల ఊటలు పెరిగి, భూగర్భజలం పైకి వచ్చి, నేలలోని లవణాల తీరు మారి, ఆ మార్పు పంటలోకి, గింజలోకి ఎక్కిందని పరిశోధకులు భావించారు. ఆనకట్ట లక్షల ఎకరాలకు అన్నం పెట్టింది, కాదనలేం. ఆ నీటిలోనే కొందరు పిల్లల కాళ్ళు వంగడానికి కారణం కూడా దాగి ఉండవచ్చని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. ఆ డ్యాము రాళ్ళు మోసిన వాళ్ళలో మా పాలమూరు వాళ్ళూ ఉన్నారు. జొన్నరొట్టె తిని, రాయి మోసి, కట్టిన డ్యాము అది. ఈ కథ చదివినప్పుడు నాకు కాసేపు ముద్ద దిగలేదు.

మీరు కంగారుపడి జొన్నలు మానేయకండి. జొన్న మంచి ధాన్యమే. ఆ నీళ్ళు, ఆ నేల, వేరే పప్పూ పాలూ దొరకని ఆ పేదరికం, నాలుగూ కలిస్తేనే ఆ జబ్బు. ఒక్కదాన్నే చూస్తే దొరకదు.

నల్లగొండ పేరు లోకానికి ఇంకో రకంగా కూడా తెలుసు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ, అందరూ నీరీ అంటారు, 1970లలో ఫ్లోరైడు తీసే సులువైన పద్ధతి ఒకటి తయారుచేసింది. నీళ్ళలో కొలత ప్రకారం సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి వేసి, బాగా కలిపి, తేరనిచ్చి, పైన తేటనీరు వంచుకోవడం. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. పటికతో నీళ్ళు తేర్చడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్యే కదా! ఇతర దేశాల్లో కూడా ఆ పేరుతోనే వాడారు. అయితే రోజూ కొలవాలి, కలపాలి, కింద పేరుకున్న మడ్డి పారబోయాలి. ఆ చాకిరీ అంతా ఆడవాళ్ళ నెత్తిన పడేసరికి చాలా ఇళ్ళలో నిలవలేదు. చివరికి అసలైన మందు ఏమిటంటే మంచి నీళ్ళను ఇంటిదాకా తేవడమే. కృష్ణానీళ్ళు గొట్టాల్లో ఆ ఊళ్ళకు చేరాక, 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక, తెలంగాణ పల్లెల్లో కుళాయినీళ్ళు తాగే తరం పెరుగుతోంది. వంగిన ఎముక మాత్రం మళ్ళీ తిన్నగా రాదు. అందుకే ఈ జబ్బుల్లో చికిత్సకన్నా ముందు విచారణే ముఖ్యం.

అన్నీ ఏడుపు కథలేనా అంటారేమో. గెలిచిన కథ ఒకటి చెబుతాను. మా అవ్వ కాలి మడమ పైన రూపాయి బిళ్ళంత మచ్చ ఉండేది. చిన్నప్పుడు నారికురుపు లేచిందట. అంటే కాలిలోంచి తెల్లని దారంలాంటి పురుగు వెళ్ళివచ్చేది. మూర పొడవు, ఇంకా ఎక్కువే. పుల్లకు చుట్టి రోజుకింత చొప్పున లాగేవారు. తెగిందా, కాలు వాచిపోయేది. నాట్లకో కోతలకో పోవలసిన రోజుల్లోనే మనిషి మంచం పట్టేది.

దీని రహస్యం దిగుడుబావిలో ఉంది. పుండున్న మనిషి మెట్లు దిగి నీళ్ళలో కాలు పెడితే పురుగు తన పిల్లలను నీళ్ళలోకి వదులుతుంది. కంటికి ఆనీ ఆనని నీటిపురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాదికి మళ్ళీ పురుగు లేస్తుంది. దీనికి చంపే మందు లేదు, టీకా లేదు. అయినా 1983–84లో దేశవ్యాప్త కార్యక్రమం పెట్టి దీన్ని తరిమేశారు. అప్పటికి ఏడు రాష్ట్రాల్లో ఉండేది. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. దిగుడుబావుల మెట్లు మూయించారు, చేతిపంపులు వేశారు. ఇల్లిల్లూ తిరిగి ఏ బావినీళ్ళు తాగుతున్నారని అడిగారు. కుండ మూతికి సన్నని గుడ్డ కట్టి వడకట్టమని ఆడవాళ్ళకు నేర్పారు. 1996 జూలైలో రాజస్థాన్‌లో కనిపించినదే ఆఖరు కేసు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి నారికురుపు లేదని పత్రం ఇచ్చింది. ఒక జబ్బును దేశం నుంచి వెళ్ళగొట్టిన ఆయుధాల్లో మన వంటింటి వడగుడ్డ ఒకటి. మనం గర్వపడవచ్చు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఇంతసేపూ గని పనివాళ్ళ గురించి, రాతి పనివాళ్ళ గురించి చెప్పాను. మిమ్మల్ని ఆసుపత్రిలో, “ఏం పని చేస్తారమ్మా?” అని అడిగితే ఏం చెబుతారు? “ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను” అంటాం. అందరం అంతే. అక్కడే పొరపాటు.

1950లలో ఢిల్లీలో డాక్టర్ పద్మావతి అనే గుండె వైద్యురాలు ఉండేవారు. మన దేశంలో మొదటి మహిళా గుండె వైద్యనిపుణురాలని ఆమెకు పేరు. ఊపిరితిత్తులు చెడి, దాని భారం గుండె మీద పడి, కాళ్ళు వాచి వచ్చే రోగులను ఆమె పరిశీలించారు. పుస్తకాల ప్రకారం అది పొగతాగే మగవాళ్ళ జబ్బు. ఈమె వార్డులో ఆడవాళ్ళు కూడా మగవాళ్ళతో సమానంగా కనిపించారు. అదీ ఇంకా చిన్నవయసులో. వాళ్ళలో చుట్టా బీడీ ముట్టనివాళ్ళే ఎక్కువ. మరి ఏ పొగ? పొయ్యి పొగ! కిటికీ లేని గదిలో పిడకలు, కట్టెలు ఊదుకుంటూ చిన్ననాటి నుంచీ పీల్చిన పొగ. 1959లో ఆమె ఈ సంగతి తన సహచరుడితో కలిసి విదేశీ పత్రికలో ప్రకటించారు. నూట మూడేళ్ళు బతికి 2020లో కాలం చేశారు. 1980ల మొదట్లో కర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, కొందరు భారతీయులతో కలిసి, గుజరాత్ పల్లెల్లో వంట చేసే స్త్రీల ఒంటికే పరికరం తగిలించి పొగను కొలిచారు. పట్నం రోడ్ల మీద పొగకన్నా ఆ వంటింటి పొగ ఎన్నో రెట్లు ఎక్కువని లెక్క తేలింది.

చూశారా? వంటిల్లు కూడా పనిచోటే. పొయ్యి కూడా ఒక మిల్లే. మనకు హాజరుపట్టీ లేదు, అంతే తేడా.

1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చి ఎందరో పల్లె ఆడవాళ్ళకు గ్యాసు ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం పెట్టింది. మా పెద్దమ్మకూ సిలిండరు వచ్చింది. కానీ చాలా ఏళ్ళు దాన్ని చుట్టాలొస్తేనే వెలిగించేది. “నిండుకుంటె మల్ల పైసలెక్కడియి బిడ్డా” అనేది.

కిందటి ఏడు బల్మూర్ వెళ్ళినప్పుడు ఆమె దగ్గు విన్నాను. అచ్చం పెద్దనాయన దగ్గే. గుండె ఝల్లుమంది. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బయలుదేరే ముందు పక్కన కూర్చుని, ఒక నోటుపుస్తకం తీసి, “పెద్దమ్మా, నువ్వు ఏయే పని చేసినవో మొదటి నుంచి చెప్పు,” అన్నాను. ఆమె నవ్వింది. “నేనేం పని జేసిన? మీ పెద్దనాయన జేసిండు. నేను ఇంట్ల ఉంటి.”

నేను వదల్లేదు. ఒక్కొక్కటే అడిగాను. పన్నెండో ఏట నుంచి కట్టెపొయ్యి. పెళ్ళయ్యాక డ్యాము దగ్గర తట్టమోత. కంకర మిల్లు కింద గంపకెత్తడం ఎనిమిదేళ్ళు. పెద్దనాయన బట్టలు ఉతకడం. చెప్పేకొద్దీ ఆమెకే ఆశ్చర్యం వేసింది. రెండు పేజీలు నిండింది. ఆ రెండు పేజీలు డాక్టరమ్మ చేతికి ఇస్తే, ఆమె చదివి, ఇంకో పరీక్ష రాసింది. జబ్బు పూర్తిగా నయమయ్యేది కాదు. కానీ పేరు సరిగా తెలిసింది, తప్పు మందులు వాడే తిప్పలు తప్పాయి. కట్టెపొయ్యి ఆరిపోయింది. ఇప్పుడు సిలిండరు డబ్బులు మా అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం తలా కొంత వేసుకుంటున్నాం.

2025 జనవరిలో మా బల్మూర్ మండలం మైలారం ఊరివాళ్ళు, తమ గుట్ట మీద రాయి తవ్వకం వద్దని ఆందోళనకు దిగిన వార్త పేపర్లో చూశాను. అది పలుగురాయి గుట్ట. తవ్వకం మంచిచెడ్డలు పెద్దలు తేల్చాలి. నాకు మాత్రం కోలారు గుర్తొచ్చింది. రాయి ఎక్కడ పగిలినా ఆ దుమ్ము ఎవరి ఊపిరిలోకి పోతుందని ముందే అడగాలి. నీళ్ళు చల్లి తొలిస్తే దుమ్ము చాలా తగ్గుతుంది. మూతికి తువ్వాలు చుట్టుకుంటే సన్నదుమ్ము ఆగదు. ఇవి ఇప్పుడు తెలియని సంగతులు కావు.

అక్కయ్యలారా, మన ఇళ్ళకు ఎందరో వస్తారు. టైల్సు కోసేవాడు, గోడ గీకి రంగు వేసేవాడు, పని మనిషి, చెత్తబండి అబ్బాయి. టైల్సు కోసేచోట ఒక చెంబెడు నీళ్ళు పోయమనడానికి మనకు ఖర్చేమీ లేదు. వాళ్ళలో ఎవరైనా దగ్గుతుంటే, ఆసుపత్రిలో నీ పని ఏమిటో కూడా చెప్పు నాయనా అని ఒక మాట అనండి. మన ఇంట్లోవాళ్ళను తీసుకెళ్ళినప్పుడు ఏం పని, ఎన్నేళ్ళు, ఏ నీళ్ళు, ఏ పొయ్యి అని నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకెళ్ళండి. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. వాళ్ళకు రోగులెక్కువ, సమయం తక్కువ. మనం నోరు విప్పితే తప్పేమీ లేదు.

మిమ్మల్ని అడిగితే మాత్రం “ఏం లేదండీ” అనకండి. “వంట చేస్తాను” అని చెప్పండి. ఎన్నేళ్ళుగా చేస్తున్నారో కూడా చెప్పండి.